చిక్కుడు తీగ

వానాకాలం నాలుగు నెలలూ జైన మునులు ఉన్నచోటే ఉండిపోతారు. వానలు వెనకబట్టాక మళ్లీ కాలినడకన బయల్దేరతారు. ఆ ఏడు శాంతనంది ఆచార్యుడు శిష్యులతో ఒక కొండగుహలో ఆగాడు.

శిష్యుల్లో చిన్నవాడు ధీరసేనుడు. పూర్వం మునులు కదలక మెదలక నిలబడితే కాళ్లకు తీగలు అల్లుకున్నాయని విన్నాడు. తనకూ అల్లుకోవాలి. ఎవరూ చూడకుండా గుహ ముందు తడిమట్టిలో ఓ చిక్కుడు గింజ పడేసి, రోజూ దాని పక్కనే పొద్దుగూకేదాకా నిలబడేవాడు. సాయంత్రం తీగని మెల్లగా విప్పేవాడు. పొద్దున్నే తనే మళ్లీ కాలికి చుట్టుకునేవాడు. పాపం, అంత ఆశ!

మూడో నెలలో ఎడమ మడమలో పోటు మొదలైంది. తపస్సు పండుతోందనుకుని మురిసిపోయాడు. ముసురులో కళ్లు మూసుకుంటే, ఆ తీగ చర్మం కింద నీలంగా పాకుతున్నట్టు కల వచ్చేది. కల చెదిరాక చూస్తే పాదం నిజంగానే నీలంగా ఉంది, వాచి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా కూలబడిపోయాడు. తోటి ముని మడమ రుద్దబోతే ఆచార్యుడు ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. కింది ఊరి నుంచి వైద్యుడు బొల్లన వచ్చి పాదం చూశాడు.

“సిరల్లో నెత్తురు గడ్డకట్టింది స్వామీ. నొప్పి అందుకే. రుద్దితే ఆ గడ్డ కదిలి ప్రాణం మీదికొస్తుంది. మందిస్తాను, కాలు ఎత్తు మీద ఉంచండి.”

“ఎందుకొచ్చింది?” అని ఆచార్యుడు అడిగాడు.

“కాలు కదలకపోతే నెత్తురు మాత్రం ఎలా కదుల్తుంది?”

ధీరసేనుడు గురువు ముఖంలోకి చూశాడు. “నన్ను వదిలేసి వెళ్తారా స్వామీ?” అని ఏడ్చేశాడు.

ఆచార్యుడు తను కూర్చుని పాఠం చెప్పే పీట తెచ్చి, చిన్న పురుగు కూడా నలగకుండా నెమలి ఈకల కుంచెతో దాన్ని తుడిచి, శిష్యుడి కాలు దాని మీద పెట్టాడు. బయటికెళ్లి నేలమీద వాలిన చిక్కుడు తీగకు ఓ ఎండుకొమ్మ ఆనించాడు.

నాలుగో రోజున మిగతావాళ్లు కొండ దిగారు. ఆచార్యుడు దిగలేదు. పీట లేని కటిక రాతి మీద కూర్చునే పాఠం చెప్పాడు.

చాలా రోజుల తర్వాత బొల్లన నడవమన్నాడు. గురువు భుజం పట్టుకుని ధీరసేనుడు వెలుతురులోకి వచ్చాడు. గుహ నెత్తిదాకా తీగ పాకి ఉంది. నిండా ఊదారంగు పూలు.

“నా దగ్గరున్నప్పుడు మోకాలు కూడా దాటలేదు స్వామీ!”

“నువ్వు తప్పుకున్నాక ఎక్కింది నాయనా.”

ధీరసేనుడు తల దించుకున్నాడు. మెల్లగా ఎడమ మడమ నేలకి ఆనించాడు. నొప్పి ఇంకా కొంచెం ఉంది. అడుగు వేశాడు.