కెమెరా పక్కన నిలబడ్డ తండ్రి

మిమ్మల్ని ఎవరూ చూడనప్పుడు మీరు పని ఎలా చేస్తారు? చేతులెత్తొద్దు, నాకు జవాబూ చెప్పొద్దు. ముందు డెల్మర్ కథ వినండి.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో డెల్మర్ హాస్కిన్స్ అనే నటుడు ఉండేవాడు. కెమెరా తన వైపుంటే ప్రాణం పెట్టేవాడు, అది అటు తిరిగిందా, కుర్చీ వెతుక్కునేవాడు. ఇరవై రెండేళ్లుగా సినిమాల్లో, టీవీలో చిన్న వేషాలే వేస్తుండేవాడు. ఓ వారం జడ్జి, ఓ వారం పోస్ట్‌మాన్, ఇంకో వారం మొదటి సీన్‌లోనే చచ్చిపోయే గుమాస్తా. ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలియదు. వీధిలో ఆపి, "మీరు మా పళ్ల డాక్టరు కదూ?" అని అడిగేవారు.

అలాంటివాడికి ఒక టీవీ సీరియల్లో తండ్రి వేషం దొరికింది. మొదటి భాగం నిలబడితే ఏళ్ల తరబడి అదే వేషం. అంత అవకాశం అతనికి ఎన్నడూ రాలేదు.

అందులో ఒక సీను ఉంది. నాన్న ముద్దుగా చూసుకునే పడవను ముంచింది తనేనని కూతురు ఒప్పుకుంటుంది. తండ్రి ఆమెను ఎగాదిగా చూసి, "పడవ సంగతి తర్వాత. నువ్వు తడిసిపోయావు, లోపలికి రా" అంటాడు.

ఇలాంటి సీన్లలో ఒకరి ముఖాన్ని దగ్గర్నుంచి తీస్తుంటే, రెండోవాళ్లు కెమెరా పక్కన నిలబడి తమ మాటలు చెప్పాలి. వాళ్లు తెరమీద కనపడరు.

ముందు డెల్మర్ వంతు. కూతురి వేషం వేస్తున్న కొత్త నటి ఎడిత్ కెమెరా పక్కన నిలబడి నిజంగానే ఏడ్చింది. ఆమెను చూస్తూ డెల్మర్ కరిగిపోయాడు. సెట్ మీద అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత ఎడిత్ వంతు. డెల్మర్ కోటు విప్పేశాడు.

"నా పని అయిపోయింది. నా మాటలు స్క్రిప్టు చూసే ఆవిడ చదివేస్తుందిలే."

"మీరుంటే బాగుంటుంది, డెల్మర్ గారూ."

"కెమెరా నీ వైపుంది కదమ్మాయీ, నా ముఖం ఎవరు చూస్తారు?"

"నేను చూస్తానండీ" అంది ఎడిత్.

డెల్మర్ నవ్వేసి, వేడి సూప్ ఇచ్చే బల్ల వైపు నడిచాడు. స్క్రిప్టావిడ ఎక్కాలు అప్పజెప్పినట్టు ఆ మాటలు చదివింది. ఎడిత్ ఆ కాగితంతోనే మాట్లాడుకోవాల్సి వచ్చింది.

నాలుగు రోజులకు దర్శకుడు క్లైడ్ అతణ్ని పిలిచి సీను చూపించాడు. తండ్రి ముఖం నిండా ప్రాణం. కూతురి ముఖంలో ఏమీ లేదు.

"ఈ సీను తీసేస్తున్నా" అన్నాడు క్లైడ్.

"నేను బాగా చేశాను కదయ్యా!"

"చేశావు. ఎవరితో, గోడతోనా? ఒంటి చేత్తో చప్పట్లు మోగవు. సీరియల్‌కు డబ్బు పెట్టినవాళ్లు ఆ అమ్మాయిని మార్చేయమంటున్నారు. ఈ సీను పోతే ఆ తండ్రి ఎందుకున్నాడో కూడా ఎవరికీ అర్థం కాదు. నీ వేషమూ గాల్లో దీపమే."

డెల్మర్ తెరమీది ఎడిత్ ముఖాన్నే చూశాడు. 'నేను చూస్తానండీ' అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

"తప్పు ఆ పిల్లది కాదు, నాది. ఇంకొక్కసారి తియ్యి. కెమెరా నా వైపు పెట్టనే వద్దు" అన్నాడు.

మర్నాడు అతను తండ్రి కోటు తొడిగాడు, టోపీ పెట్టాడు, బూట్ల తాళ్లు కూడా బిగించి కట్టాడు.

"తెరమీద నీ బూట్లు కనపడతాయా ఏమిటయ్యా?" అని క్లైడ్ ఎగతాళి చేశాడు.

"ఎడిత్‌కు కనపడతాయి" అన్నాడు డెల్మర్.

కెమెరా పక్కన నిలబడ్డాడు. "పడవ సంగతి తర్వాత..." అంటూ ఆమె వైపు చెయ్యి చాచాడు. ఎడిత్ గడ్డం వణికింది. రెండోసారి తీయాల్సిన పనే లేకపోయింది. స్క్రిప్టావిడ చేతిలోని కాగితంతోనే కళ్లు తుడుచుకుంది.

సీను టీవీలో వచ్చింది. చాలాసేపు ఎడిత్ ముఖమే కనపడింది. చప్పట్లు కొట్టించుకున్న డెల్మర్ ముఖం రెండు సెకన్లు కూడా లేదు. అతను సణగలేదు. ఆ సీరియల్ తొమ్మిదేళ్లు నడిచింది. తొమ్మిదేళ్లూ ఆమెకు అతనే నాన్న.

పేరు మాత్రం ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కాకపోతే వీధిలో జనం ఆపి, "మీరు ఆ పడవ నాన్న కదూ!" అంటారు. "అవునండీ, నేనే" అంటాడు డెల్మర్ నవ్వుతూ.

ఎవరికీ కనపడని చోట పెట్టిన ప్రాణమే కనపడే పనిని నిలబెడుతుంది. కాబట్టి రేపు మీ పక్కవాళ్ల వంతు వచ్చినప్పుడు కుర్చీ వెతుక్కోకండి, వాళ్ల ఎదురుగా నిలబడండి.