తోడికోడళ్ళ పాళీలు

అనగనగనగా ఏటి అవతల ఒక ఊళ్ళో రాజుగారి లేఖకుడు ఒకాయన ఉండేవాడుట. పేరు సన్యాసయ్య. రాజుగారి పుస్తకాలన్నీ ఆయన చేతిరాతే. అక్షరాలూ ఆయనే రాసేవాడు, పక్కన బొమ్మలూ ఆయనే వేసేవాడు. పాపం, వయసు మీదపడి చేతులు వణకడం మొదలైంది. కొడుకులిద్దరూ అరక పట్టారు గానీ కలం పట్టలేదు. కలం పట్టింది కోడళ్ళు. పెద్దకోడలు వరహాలు, చిన్నకోడలు అచ్చాయి. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

రాణీగారు కబురంపిందిట. వాళ్ళమ్మ పాడిన జోలపాటలన్నీ ఒక పుస్తకంగా కావాలి, పాటపాటకీ ఒక బొమ్మ ఉండాలి, పున్నమి వెళ్ళాక కూతురు అత్తారింటికి పోతుంది, ఆలోపు అందాలి అని. అందకపోతే ఈ కొలువు పక్కూరి లేఖకుడికి పోతుందిట. కొలువు పోతే ఉన్న ఇల్లూ పోతుంది. అది రాజుగారిచ్చిన ఇల్లు కదా.

సన్యాసయ్య పాళీల పెట్టె తెచ్చి కోడళ్ళ ముందు పెట్టాడు. పాళీ అంటే తెలుసా? ఇప్పుడు మీరు పెన్ను అంటారే, దాని ముక్కు. కలానికి గుచ్చి, సిరాబుడ్డిలో ముంచి ముంచి రాయాలి. పెట్టెనిండా రకరకాలున్నాయి. సన్నవి, మొద్దువి, మూతి తెగినట్టున్నవి. మీ చేతికి తగ్గది మీరే తీసుకోండమ్మా అన్నాడు మావగారు.

వరహాలు ముందు చెయ్యి పెట్టింది. బంగారు పూత పూసిన సన్న పాళీ ఒకటి తళతళలాడుతోంది. దాని అవసరం ఉండి కాదర్రా, అచ్చాయి తీసుకుంటుందేమోనని తీసుకుంది. అచ్చాయి ఏం చేసింది? ఒక్కొక్కటీ తీసి బొటనవేలి గోటిమీద మెల్లిగా నొక్కింది. రెండు రెక్కలూ సమంగా విచ్చుకుని సమంగా మూసుకుంటున్నాయా అని చూసింది. వెలుగుకి పట్టి చీలిక చూసింది. చూసి చూసి, మసిబారినా ఇంకా ఎవరూ వాడని పాళీ ఒకటి తీసింది. కొత్త పాళీకి నూనె జిడ్డు ఉంటుంది, సిరా నిలవదు. అందుకని బూడిద రాసి, తుడిచి, అప్పుడు ముంచింది.

ముంచి నెమలిని వేసిందిట. ఈకలు ఎంత సన్నగా వచ్చాయో, మీ అమ్మ జడలో తెగిన వెంట్రుకంత. మావగారు కాగితం ఎత్తి చూసి, ఈ ఇంటి కలం నీ చేతికొచ్చిందమ్మా అన్నాడు.

ఆ మాట వరహాలు విన్నది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో అక్షరాలు రాస్తోంది తను. తొమ్మిదేళ్ళలో ఒక్కనాడూ మావగారు అనలేదు ఆ మాట. కడుపులో పచ్చిమిరపకాయ కొరికినట్టయింది. అన్నం పెడుతుంటే మంట, నీళ్ళు తోడుతుంటే మంట, అచ్చాయి నవ్వితే మంట, నవ్వకపోతే ఇంకా మంట. పోనీ రాసుకుందామంటే తనది బరువు చెయ్యి, బంగారు పాళీ సన్నం. కాగితం చిరిగి ఊరుకుంది. ఆ పాళీని తన పెట్టెలో దాచేసి పాత వెదురు కలంతోనే రాసింది గానీ, అచ్చాయికి మాత్రం ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం అచ్చాయి బట్టలుతకడానికి ఏటికి వెళ్ళింది. వరహాలు ఆ మసి పాళీ తీసి సన్నికల్లుకి ఆనించి నొక్కింది. ఒక రెక్క కంటికి ఆననంతగా వంగింది. తుడిచి, ఉన్నచోటే పెట్టేసింది.

ఇంకేముంది. పాళీ వంగితే గీత వంగె, గీత వంగితే సిరా చిందె, సిరా చిందితే నెమలి నల్లనాయె, నెమలి నల్లనైతే పక్కన పాటంతా చెడె. ఏం చెడె?

పాటంతా చెడె.

అదీ. అచ్చాయి ఏడవలేదు. కాసేపు చూసి, "మావయ్యగారు పొగిడేసరికి నా చేతికి పొగరెక్కిందక్కా" అని, కలం గూట్లో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ కలం ముట్టలేదు. బొమ్మలు నేను వేస్తానని వరహాలు కూర్చుంది. నెమలి వేస్తే కోడి అయింది, ఏనుగు వేస్తే పొట్లకాయ అయింది. పున్నమి దగ్గరికొచ్చింది. మావగారు అన్నం మానేశాడు.

మంచి కాగితాలు అయిపోయాయి. అచ్చాయి పెట్టెలో ఏమైనా మిగిలాయేమోనని వరహాలు వెళ్ళి మూత తీసింది. అడుగున ఒక కట్ట. విప్పితే, తను తప్పులు పడ్డాయని పారేసిన కాగితాలే. ముడతలు సాపుచేసి దాచుకుంది అచ్చాయి. వరహాలు రాసిన ప్రతి వరస కిందా, వంకరటింకరగా, అదే వరస. మళ్ళీ అదే. మళ్ళీ అదే. చిట్టచివర చిన్నగా రాసుంది: "అక్క రాసినట్టు నాకు ఎప్పటికి వస్తుందో, ఏమో."

వరహాలు ఆ కట్ట మళ్ళీ ఎప్పట్లాగే కట్టింది. తర్వాత లేచి వంటింట్లోకెళ్ళి చెప్పేసింది. "ఆ రోజు చెడింది నీ చేతివల్ల కాదమ్మా. నా చేతివల్ల. పాళీ నేనే వంచాను" అంది.

అచ్చాయి వడ్డనకి లేచింది. అందరికీ విస్తళ్ళు వేసింది, అక్కకి వెయ్యలేదు. దీపాల వేళకి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకూ కుళ్ళే అక్కా. నువ్వు అక్షరం దిద్దుతుంటే చూడలేక వంటింట్లోకి పోయేదాన్ని. కానీ నీ పాళీ జోలికి నేను రాలేదు."

"రాలేదు" అంది వరహాలు.

అచ్చాయే పాళీల పెట్టె దగ్గరికి లాగింది. మూతి అడ్డంగా తెగిన మొద్దు పాళీ ఒకటి ఏరి అక్క చేతిలో పెట్టింది. బరువు చేతిని ఇదే ఓర్చుకుంటుంది అంది. వరహాలు ముంచి రాసింది. దించేటప్పుడు లావుగా, తిప్పేటప్పుడు సన్నగా, తలకట్లు తాటిముంజల్లా నిగనిగలాడాయి. వరహాలు లేచివెళ్ళి దాచిన బంగారు పాళీ తెచ్చి చెల్లికి ఇచ్చేసింది. మావగారు కొత్త కాగితాలు తెచ్చిపెడితే, వారంరోజులు ఒకరు రాయడం, ఒకరు వేయడం. చెడిన పాటా తిరగరాశారు. పున్నమికి ముందురోజు పుస్తకం పట్టుకుని ముగ్గురూ కోటకెళ్ళారు.

దారంతా వరహాలుకి ఒకటే గుబులు, ముందు ఎవర్ని మెచ్చుకుంటారోనని. మంట అంత తేలిగ్గా చల్లారదర్రా. రాణీగారు పుస్తకం విప్పింది. మొదటి పాట పైకి చదవడం మొదలెట్టింది. రెండో వరసకే ఆపి, చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంది. వాళ్ళమ్మ పోయి ఎన్నేళ్ళో. అప్పుడు కూతురు పక్కన కూర్చుని, బొమ్మమీద వేలు పెట్టి, మిగతా పాట తను పాడింది. ఎవరు రాశారనీ ఎవరూ అడగలేదు, ఎవరు వేశారనీ అడగలేదు. తోడికోడళ్ళిద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని, ఆ పాట అయ్యేదాకా నిలబడే ఉన్నారుట.

కొలువూ నిలిచింది, ఇల్లూ నిలిచింది, మావగారు ఆ పూట రెండు గిన్నెల పాయసం తాగాడు. పక్కవాళ్ళ చెయ్యి చూసి ఏడిస్తే మన చెయ్యి ఆగిపోతుందర్రా, అంతే సంగతి. ఇక కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.