పొగ మానేసిన రాజుగారి కారు

ఒక కొండ ఊళ్ళో ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకు రాజ్యం లేదు. కోట సగం కూలిపోయింది. చెక్కుచెదరకుండా మిగిలింది కారు ఒక్కటే.

అది తాతగారి కాలం నాటి కారు. పడవంత పొడుగు, గంగాళాల్లాంటి దీపాలు, మీట నొక్కితే ఏనుగు తుమ్మినట్టు హారను. రోజూ సాయంత్రం రాజుగారు స్వయంగా దాన్ని నడుపుకుంటూ బజారు వీధిలోంచి వెళ్ళేవారు. ముందు సీట్లో దివాను, వెనక సీట్లో రాణిగారు. ఆ వెనక పొగ.

పొగంటే మామూలు పొగ కాదు. కారు వెళ్ళిపోయాక చాలాసేపటి వరకూ వీధిలో ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. అందుకని హారను వినపడగానే జనం లేచి నిలబడేవారు, ఆరేసిన బట్టలు తీసేవారు, భుజం మీది తుండు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు.

దాన్ని రాజుగారు దండం అనుకున్నారు. ఈ ప్రాంతంలో గౌరవం ఇలా చూపిస్తారు కాబోలని, ఆయన కూడా మర్యాదగా చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకువెళ్ళి, చిరునవ్వు నవ్వి సాగిపోయేవారు. దివానుకు సంగతి తెలుసు. కానీ తెలిసింది చెప్పడం దివాను ఉద్యోగంలో భాగం కాదు.

ఒకరోజు రాణిగారు దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుని అన్నారు. "ఇక నేనీ కారెక్కను. మీకు ఈ పొగ కావాలో, ఊపిరున్న భార్య కావాలో తేల్చుకోండి."

రాజుగారు కాసేపు ఆలోచించారు. ఆ కాసేపుని రాణిగారు చాలా ఏళ్ళు మరిచిపోలేదు.

పట్నం నుంచి జెర్మయ్య అనే మెకానిక్కుని పిలిపించారు. అతను ఇంజను విప్పి, అరిగిపోయిన రింగులు మార్చి, కార్బురేటర్ సరిచేశాడు. ఆ తర్వాత సంచిలోంచి బొద్దుగా ఉన్న ఇనప డబ్బా ఒకటి తీశాడు.

"ఇది క్యాటలిటిక్ కన్వర్టర్ అండి. కొత్త కార్లకి ఉంటుంది. లోపల తేనెపట్టులా సన్నటి గదులుంటాయి. ఇంజను వదిలే విషం ఇటు దూరుతుంది, అటునుంచి చాలామటుకు ఆవిరీ మంచి గాలీ అయి వస్తుంది."

"విషమా?" అన్నారు రాజుగారు. "మా తాతగారి కారులోనా?"

"ఎవరి తాతగారి కారులోనైనా అంతేనండి," అని జెర్మయ్య కారు కిందకి దూరాడు. పాత గొట్టం కోసి, మధ్యలో ఆ డబ్బాని అతికించాడు.

మర్నాడు సాయంత్రం కారు బజారులోకి వచ్చింది. రాణిగారు కిటికీ అద్దం దించి గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. హారను విని జనం అలవాటు కొద్దీ లేచారు, తుండ్లు పైకెత్తారు. పొగ రాలేదు. ఒకరి మొహాలొకరు చూసుకుని, తుండ్లు భుజాన వేసుకుని, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

ఆ మరుసటి రోజు ఒక్కడూ లేవలేదు.

రాజుగారు వీధి పొడుగునా హారను కొట్టి చూశారు. బజ్జీల బండి దగ్గర కారు ఆపారు. బండి పైడమ్మది. ఆవిడ బజ్జీలు తిప్పుతూ తలెత్తి చూసింది.

"పైడమ్మా, నావల్ల ఏం తప్పు జరిగింది? దండం ఎందుకు మానేశారు?"

"ఏటి దండం, బాబూ?"

రాజుగారు చెయ్యి ముక్కు దగ్గర పెట్టి చూపించారు. పైడమ్మ చిల్లుల గరిటె నూనెలో వదిలేసి నవ్వింది. పక్కనున్న చెప్పులు కుట్టే అతనూ, బట్టల కొట్టాయనా నవ్వారు. వెనక సీట్లోంచి కూడా ఒక నవ్వు వినబడింది.

"అది దండం కాదు బాబూ. మీ పొగ ముక్కులోకెళ్ళిపోద్దని."

దివాను చాలా శ్రద్ధగా ఆకాశం వైపు చూశాడు.

"మరి ఇన్నేళ్ళలో ఒక్కరైనా నాతో చెప్పలేదేం?"

"సెబుదామని నోరు తెరిస్తే పొగ దూరేది," అంది పైడమ్మ. ఆ మాటతో ఆవిడకు ఇంకేదో గుర్తొచ్చినట్టుంది. చేతులు కొంగుకు తుడుచుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. "ఎలాగూ ఆగారు కాబట్టి ఒక మాట. మీ కోట వెనక గుమ్మం ఉంది కదా. కారు మీద దుమ్ము పడతాదని మీ తాతగారు మూయించేశారంట. ఆసుపత్రేమో కోటకి అవతలుంది. ఆ గుమ్మం తెరిస్తే ఇట్టే పోతాం. లేకపోతే కొండ సుట్టూ తిరగాల. మా కోడలికి నెలలు నిండాయి."

చెప్పులు కుట్టే అతను కూడా వచ్చాడు. బట్టల కొట్టాయన వచ్చాడు. అందరికీ ఒకటే గుమ్మం, ఒకటే కొండ. కారు చుట్టూ ఇంతమంది ఇంత దగ్గరగా నిలబడడం రాజుగారు ఎన్నడూ చూడలేదు. ఆయన గబగబా అద్దం ఎక్కించుకుని కోటకు వెళ్ళిపోయారు.

"ఆ డబ్బా విప్పెయ్," అన్నారు ఇంకా పట్నం వెళ్ళని జెర్మయ్యతో, కారు దిగీ దిగకుండానే. "నా పాత గొట్టం నాకు కావాలి."

"ఉత్తర్వు బాగుంది ప్రభూ," అన్నాడు దివాను. "పొగ లేని దర్పం ఏం దర్పం?"

జెర్మయ్య కారు కిందకి చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ఇప్పుడే తిరిగొచ్చింది కదండీ, నిప్పులా ఉంది. చల్లారేదాకా ఎవరూ ముట్టుకోలేరు."

రాజుగారు మెట్ల మీద కూర్చున్నారు. రాణిగారు వచ్చి పక్కన కూర్చున్నారు. కారు కింద ఇనుము టిక్కుటిక్కుమంటూ చల్లారుతోంది.

"జనం మిమ్మల్ని పట్టించుకోలేదని బాధా?" అని అడిగారు రాణిగారు. "పట్టించుకున్నారని బాధా?"

"మొహం మీదే అడిగారు."

"అడిగితే ఏమైంది?"

"జవాబు చెప్పాలి కదా," అన్నారు రాజుగారు. ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. రాణిగారికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆయన చేతి మీద చెయ్యి వేశారు.

చాలాసేపటికి జెర్మయ్య వచ్చాడు. "చల్లారిందండి. విప్పమంటారా?"

రాజుగారు అతని చేతిలోని రెంచీ వైపు చూశారు. రాణిగారి వైపు చూశారు. "ఆ రెంచీ దివానుగారి చేతికివ్వు," అన్నారు. "వెనక గుమ్మం గడియ తుప్పు పట్టి ఉంటుంది."

దివాను ఆ రాత్రి అరచేతులకు కొబ్బరినూనె రాసుకుని పడుకున్నాడు. తెల్లవారేసరికి గుమ్మం తెరుచుకుని ఉంది.

సాయంత్రం రాజుగారు కొత్త దారి చూడాలని ముచ్చటపడ్డారు. కొండ చుట్టూ తిరిగి, ఆసుపత్రి మీదుగా వచ్చి, వెనక గుమ్మంలోకి ఠీవిగా కారు పోనిచ్చారు. గుమ్మంలో ఒక్క బండి పట్టేంతే చోటుంది. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి ఎదురుగా ఊళ్ళోంచి ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులో పైడమ్మ, ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని కోడలు.

"వెనక్కి తియ్యండి సార్!" అని ఆటో కుర్రాడు అరిచాడు. "నొప్పులు పడతంది!"

దివాను తల బయటపెట్టాడు. "ఇది రాజుగారి కారురా! రాజుగారి కారు ఏనాడూ వెనక్కి..."

"ఎవడే అది, అత్తా!" అని కోడలు కేక పెట్టింది. "తియ్యమను!"

దివాను తల లోపల పెట్టుకున్నాడు.

రాజుగారి చెయ్యి గేరు మీదకు వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కోటలో ఆయన కారు షెడ్డుకు రెండు వైపులా తలుపులుండేవి. బజారు వీధి చివర గుండ్రంగా తిరిగి వచ్చేది. వెనక్కి పోవాల్సిన అవసరం ఆయనకు ఇంతవరకు పడలేదు. గేరును అటు తోశారు, ఇటు లాగారు. కారు గర్రుమని మూలిగింది. ఎక్కడో లోపల, ఎవరూ ముట్టని చోట, గేరు పడింది.

రాణిగారు సీట్లో వెనక్కి తిరిగి, వెనక అద్దంలోంచి చూస్తూ దారి చెప్పడం మొదలుపెట్టారు.

"నెమ్మదిగా. ఇంకాస్త. కుడికి తిప్పండి. అబ్బా, మీ కుడికి కాదు, నా కుడికి!"

రాజుగారు ఆవిడ కుడికి తిప్పారు. కారు వెనక్కి నడిచింది.