నాంచారమ్మ పట్టిన నిమురు నోము

పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని, మాటలు చాలించి వినుడు. నడుమ లేచిపోవువారికి సగము ఫలమే దక్కును, ఆపైన నన్ననవలదు.

తమసానదీ తీరమున తపస్సు చేయుచున్న మృదుపాణి మహర్షిని వత్సపాలుడను ముని చేరి, నమస్కరించి, ఒక సందేహము నడిగెను. మనుష్యుడు నొప్పి కలిగిన నోరు తెఱచి చెప్పుకొనును, మన వాకిట బ్రతుకు మూగజీవి ఎవరితో చెప్పుకొనును, దాని ఋణము గృహస్థుడు ఎట్లు తీర్చుకొనును అని అడిగెను. మహర్షి, నిమురు నోమనునది ఒకటి కలదు, దానిని నాంచారమ్మ యను గొల్లయిల్లాలు ఆచరించిన విధము వినుమని ఇట్లు చెప్పెను.

పూర్వము పచ్చికపాడను పల్లెలో గంగులయ్య యను మందకాపరి యుండెను. అతని భార్య నాంచారమ్మ. నోమని వినబడిన చాలు, పీట వేసికొని కూర్చుండెడిది. వారికి జాజి యను ఆడకుక్కపిల్ల యుండెను. ఒక శ్రావణమాసమున నాంచారమ్మ మంద క్షేమము కోరి నోము నోచి, భర్త చేతికి, తన చేతికి తోరములు కట్టెను. ఇదియు మా యింటిదే కదా అని ముద్దుపడి, జాజి మెడకును ఒకటి కట్టెను. ఆ తోరము ఊరివారు కట్టు నూలుపోగు కాదు. గొల్లవారు మేకవెండ్రుకలతో పేనెడి గట్టి త్రాడు. దేవుని తోరమును విప్పరాదు, దానంతట అదియే తెగి రాలవలెనని వారి ఆచారము.

పిల్ల పెరిగి మందకు కావలికుక్క ఆయెను. మెడ లావెక్కెను, త్రాడు ఎక్కడిదక్కడనే యుండెను, దానిని బొచ్చు కప్పివేసెను. నాంచారమ్మ వేళకు సంగటి పెట్టెను, సోమవారము సోమవారము నుదుట విభూతి పెట్టెను, అన్నియు చేసెను. ఒక్కనాడైనను దాని మెడమీద చేయి వేసి చూడదాయెను.

కొన్నాళ్లకు జాజి తిండి మానెను, మూలకు నక్కెను. పట్టి లేవదీయబోయిన గంగులయ్య చేయి కరచెను. మందమీద తోడేళ్లు పడి గొఱ్ఱెపిల్లలను ఎత్తుకొనిపోయినను మొఱగలేదు. ఊరివారు వచ్చి, దానికి పిచ్చిపట్టినది, పిల్లలు తిరుగు చోటు, కొట్టి చంపుడని చెప్పిరి. చేతులార పెంచిన గంగులయ్య కండ్లనీళ్లు పెట్టుకొని, తెల్లవారిన తర్వాత ఆ పని తానే చేసెదనని ఒప్పుకొనెను. నాంచారమ్మ గుండె చెరువాయెను. తెల్లవారకముందే లేచి ఏమి చేసినదో వినుడు. పశుపతికి మ్రొక్కి, జాజి మెడకు కట్టుటకు మరియొక తోరము పేనుచు కూర్చుండెను.

అంతలో ఒక ముసలమ్మ మజ్జిగ అడుగుచు వచ్చి, అరుగుమీద కూర్చుండి, జాజిని చేరదీసి తోకనుండి నిమురుట మొదలిడెను. తోక ముట్టినను, కాళ్లు పట్టినను ఊరకున్నది, చేయి మెడ చేరగనే పండ్లు చూపెను. అప్పుడా ముసలమ్మ,

"అమ్మా, ఇది మెడయొక్కటే దాచుకొనుచున్నది. పిచ్చి కాదు, నొప్పి. నీ చేతితో నీవే చూచుకొనుము" అనెను.

నాంచారమ్మ దాని మూతికి గుడ్డ చుట్టి, బొచ్చు పాయదీసి వ్రేలు పెట్టగా, వ్రేలు తడిసి దుర్వాసన కొట్టెను. త్రాడు కండలో దిగియుండెను. ఆ ముడి తాను వేసినదే. పాపాత్మురాలనని తల బాదుకొనెనే గాని, దేవుని తోరమును కోయుటకు చేయి ఆడలేదు. ముసలమ్మ ఆమెను కసరి, దేవునికి తోరముతో పనిలేదు, ప్రాణముతో పని యని చెప్పెను. ఉన్ని కత్తెరతో త్రాడు కోసి, వేపాకు కాచిన నీళ్లు చల్లార్చి కడిగి, పసుపు అద్దిరి. జాజిని చంపుటకు కఱ్ఱతో వచ్చిన గంగులయ్య దానిని పారవైచి జాజి ప్రక్కన కూలబడెను.

పోవుచు ముసలమ్మ నోము చెప్పెను. ప్రొద్దుట నోట ముద్ద పెట్టకమునుపు ఇంటి జీవిని చెవులు మొదలు తోకవరకు చేతితో నిమరవలెను. కండ్లు, చిగుళ్లు, మెడ, కడుపు క్రింద, వ్రేళ్ల సందులు చూడవలెను. తొట్టిలో నిన్నటి నీళ్లు పారబోసి క్రొత్తనీళ్లు పోయవలెను. తేడా కనబడిన, తెలిసినవారియొద్దకు ఆనాడే తీసికొనిపోవలెను, తోచిన మందు పోయరాదు. నాంచారమ్మ అట్లే చేయగా, మాసము తిరుగకమునుపే పుండు మానెను, జాజి కావలికి నిలిచెను, మంద పెరిగెను.

కలిమి వచ్చిన తర్వాత ఆమెకు తీరిక తగ్గెను. గడపలో నిలిచి, జాజిమీద నాలుగు అక్షింతలు చల్లి, నోము అయినదనిపించుకొనెను. అదేమి నోమో ఆ పశుపతికే తెలియవలెను. చెవిలో నెత్తురు పీల్చు గోమార్లు పట్టి చీముకారగా, జాజికి తోడేలు అలికిడి వినబడదాయెను, మంద మరల తరిగెను. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు చెన్నక్క అది మాటిమాటికి తల విదల్చుట చూచి, చెవి శుభ్రముచేసి బాగుచేసెను. అత్త సిగ్గుపడి, నాటినుండి కోడలిని వెంటబెట్టుకొని నోము తప్పక నడిపెను. పోయిన మంద తిరిగి నిండెను. జాజి ముసలిదై, ఏ నొప్పియు లేక నిద్రలో పోయెను.

మరికొన్నేండ్లకు నాంచారమ్మకు పక్షవాతము వచ్చి, కుడిప్రక్కయు మాటయు పడిపోయెను. చుట్టములు వచ్చిరి, గడపలోనే నిలిచి, ముఖము కళగానే యున్నదని చెప్పి వెళ్లిరి. ఆమె కండ్లు మాత్రము తిరుగుచుండెను. చెన్నక్క ముద్ద ముట్టకమునుపు అత్తను చెవులు మొదలు అరికాళ్లవరకు నిమిరి, ఒత్తిగిలజేసి, నడుము క్రింద ఎఱ్ఱగా కందిన చోటు కనుగొనెను. ఇక్కడనేనా అత్తమ్మా, ఇన్నాళ్లు చెప్పలేకపోతివా అని గోరువెచ్చని నీళ్లతో తుడిచెను. నాంచారమ్మ కండ్లవెంట నీరు కారెను. కదలాడు ఎడమచేతిని ఎట్లో పైకెత్తి, కోడలి తల నిమిరెను.

అని మహర్షి చెప్పగా, వత్సపాలుడు నమస్కరించి తన ఆశ్రమమునకు మరలెను.

కుక్కను పెంచువారు, పిల్లిని సాకువారు, పాడిగలవారు, పంజరమున చిలుకనుంచినవారు, ఇంట మంచమున పడిన పెద్దలుగలవారు ఈ నోము నోచవలెను. నోచినవారి ఇంట పాడి నిండును, పిల్లలకు జాలి అబ్బును, తాము చెప్పుకొనలేని నాడు తమ నొప్పి వెదకు చేయి దొరకును.

కథ ముగిసినది. ప్రసాదము తర్వాత పెట్టెదను. ముందు మీ మీ వాకిళ్లకు పోయి, అక్కడ ఎదురుచూచుచున్నదానిని నిమిరి రండు.