అందరి చెయ్యీ పడ్డ విస్తరి

ఆరాధన రోజు పొద్దున్నే కొండమీది ఆశ్రమంలో ఫోన్లన్నీ ఒక్కసారిగా గుడ్లు తేలేశాయి. కారకుడు విరూపాక్షం. ఆ సంగతి అతనికి తప్ప అందరికీ తెలుసు.

విరూపాక్షం ఇక్కడికి రాకముందు వైర్‌లెస్ ఇంజనీరు. కాషాయం కట్టినా ఆ పురుగు చావలేదు. కొండమీదికి టవర్ సిగ్నల్ అందదు గనక గోడలకీ స్తంభాలకీ వైఫై పెట్టెలు బిగించి ఫోన్లకి ప్రాణం పోసింది అతనే. మొదట్లో ఒక్కో పెట్టెకీ ఇంత మేర అని హద్దు ఉండేది. వంటశాల సరిగ్గా రెండు హద్దుల మధ్య పడింది. అక్కడి ఫోను నీదంటే నీదని రెండు పెట్టెలూ వదిలేసేవి.

అలా కాదని హద్దులన్నీ చెరిపేశాడు. అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. ప్రతి పెట్టె ప్రతి ఫోనుకీ సేవ చెయ్యాల్సిందే, మిగతా పెట్టెలన్నిటితో కూడబలుక్కుని మరీ చెయ్యాల్సిందే అని నియమం కూడా పెట్టాడు. రోజూ ఉండే నలుగురికీ అది బ్రహ్మాండంగా నడిచింది. ఆరాధనకి ఊళ్ళకి ఊళ్ళు దిగాయి, ఫోన్లతో సహా. పెట్టెలకి ఒకదానితో ఒకటి కూడబలుక్కోవడంతోనే సరిపోయింది.

వంటశాల పెద్ద కనకవల్లమ్మగారికి ఆ తెల్లవారుజామునే మనవరాలు పుట్టింది. ఎన్ని మొక్కులు మొక్కితేనో కలిగిన పిల్ల. నంద్యాల ఆసుపత్రి నుంచి అల్లుడు వీడియో కాల్ చేస్తున్నాడు. తెరమీద చక్రం తిరుగుతోంది గానీ పిల్ల ముఖం రావడం లేదు. పాపం, ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, ముఖం చూసేదాకా మెతుకు ముట్టనని కూర్చుంది.

పెద్దస్వామి విరూపాక్షాన్ని పిలిపించారు.

"ఏం నాయనా, ఏమిటి సంగతి?"

"అందరూ నీవాళ్ళే అని మీరే కదా స్వామీ సెలవిచ్చారు? నా పెట్టెలు అదే పాటిస్తున్నాయి. ఇంకో డజను కొనిపిస్తే సర్దుకుంటుంది."

పెద్దస్వామి గడ్డం నిమురుకున్నారు. "బాగుంది. ఇవాళ వడ్డన కూడా నీ పద్ధతిలోనే చేయిద్దాం."

విరూపాక్షం దాన్ని మెప్పు అనుకున్నాడు. మొదటి పంక్తిలో దర్జాగా బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

"ప్రతి విస్తట్లోనూ మీ అందరి చెయ్యీ పడాలి," అన్నారు స్వామి, వడ్డించేవాళ్ళతో. "విరూపాక్షంతో మొదలుపెట్టండి."

ఇంకేముంది. ఒకాయన పప్పు వేశాడు. వెనకే ఇంకొకాయన పప్పే వేశాడు. అన్నం బుట్టలు నాలుగూ అతని ముందే ఆగాయి. వద్దు మహాప్రభో అని చెయ్యి అడ్డం పెడితే చేతిమీదే వేశారు. బదరీనాథం అనే ఆయన పంక్తి ఆ చివరనుంచి గరిటెడు చారు పట్టుకుని పరుగున వచ్చాడు. దారిలో పదిమంది పంచెలు తడిశాయి. విరూపాక్షం విస్తట్లో పడింది ఒక్క చుక్క. మళ్ళీ గరిటె నింపుకోవడానికి వెనక్కి పరిగెత్తాడు.

తక్కిన విస్తళ్ళు ఖాళీగా ఎదురుచూస్తున్నాయి. ఆదోనినుంచి వచ్చిన ఓ ముసలాయన పక్కవాణ్ణి అడిగాడు, "ఈయన ఎవరింటి అల్లుడండీ?"

"స్వామీ, ఆపమనండి," అన్నాడు విరూపాక్షం ఏడుపు ముఖంతో. "నా దగ్గర్లో ఉన్నవాళ్ళు వడ్డిస్తే చాలు. అంత దూరం నుంచి ఆయనొస్తే నాకు దక్కేది చుక్క. అక్కడివాళ్ళకి అదీ లేదు."

"అయితే పాతకాలంలాగా హద్దులు గీసి, ఒక్కో చోటికి ఒక్కరే చాలునా?"

"ఒక్కరే అయితే ఆయన అటు తిరిగినప్పుడు ఇటు ఎవరూ ఉండరు స్వామీ. ఇద్దరో ముగ్గురో, దగ్గర్లో..."

విరూపాక్షం విస్తరివంక చూశాడు, స్తంభానికున్న పెట్టెవంక చూశాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. తినగలిగినంత తిని చెయ్యి కడుక్కుని తన గదికి పరిగెత్తాడు. ఏ ఫోనుకి ఏ రెండు మూడు పెట్టెల మాట గట్టిగా వినబడుతుందో ఆ పెట్టెలే దాన్ని చూసుకోవాలనీ, మిగతావి దాని జోలికి పోకూడదనీ మార్చాడు.

పెద్దస్వామి ఎప్పుడూ చివరి పంక్తిలోనే భోంచేస్తారు. ఆయన మజ్జిగలోకి వచ్చేసరికి వంటశాల గుమ్మంలోంచి కనకవల్లమ్మగారి గొంతు వినిపించింది. "ముక్కు మా అమ్మాయిదేనర్రా, రండి, చూడండి."

వడ్డించేవాళ్ళంతా గిన్నెలు దించేసి ఆవిడ చుట్టూ మూగారు. ఆవిడ ఒక చేత్తో ఫోను అందరికీ చూపిస్తూ, రెండో చేత్తో పెరుగన్నం తింటోంది.

స్వామి దొప్ప పట్టుకుని అటూ ఇటూ చూశారు. గది నుంచి అప్పుడే వచ్చిన విరూపాక్షం మజ్జిగ చెంబు అందుకున్నాడు. పక్కనున్నాయన ఉప్పు తెచ్చాడు. గుమ్మం దగ్గర్నుంచి బదరీనాథం కూడా గరిటె పుచ్చుకుని బయల్దేరబోయాడు.

స్వామి చెయ్యెత్తి ఆపారు.

"నువ్వు పిల్లని చూడు నాయనా."