నల్లపావుల నాంచారి

అనగా అనగా, మనుషులకంటే గోడలకే మర్యాద ఎక్కువ జరిగే రోజుల్లో, కుంజరగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని వీరకుంజరుడనే మహారాజు ఏలేవాడు. ఆయనకు రెండే ఇష్టాలు. ఒకటి చదరంగం ఆడటం. రెండోది గెలవడం.

ఆయన కోటలోకి కొలువుకు వెళ్ళినవాళ్ళు మళ్ళీ బయటికి వచ్చేవారు కారు. వంటవాడైనా అంతే, వైద్యుడైనా అంతే. లోపల తిండికి లోటు లేదు, బట్టకు లోటు లేదు. బయటికి వచ్చే తలుపుకే లోటు.

"ఇదేం న్యాయం మహాప్రభూ!" అని ప్రజలు మొత్తుకుంటే మహారాజు ఒక దారి చూపించాడు. ఏటా పట్టాభిషేకం పండుగనాడు ఎవరైనా వచ్చి తనతో చదరంగం ఆడవచ్చు. గెలిస్తే తమ మనిషిని తీసుకుపోవచ్చు. అయితే తెల్లపావులు మహారాజువి. మొదటి ఎత్తు తెల్లపావులది. వచ్చినవాళ్ళకు ఎప్పుడూ నల్లపావులే.

ఆయన దయ అక్కడితో ఆగలేదు. నల్లపావులతో ఎలా ఆడాలో ఉచితంగా నేర్పడానికి ఊళ్ళో ఒక బడి పెట్టించాడు. విశ్వపతి పంతులనే గురువును కూర్చోబెట్టాడు. పైగా, ఓడినవాళ్ళలో అందరికంటే ఎక్కువసేపు నిలబడినవారికి పట్టు శాలువా కప్పేవాడు.

చూశారా పిల్లలూ, ఎంత మంచి రాజో! ఊరంతా అలాగే అనుకుంది.

ఆ ఊళ్ళో విస్తళ్ళు కుట్టుకుని బతికే నాంచారి అనే అమ్మాయి ఉండేది. ఆమె తల్లి వెంగమ్మ కోటలో ఉండేది. ఆమె జోల పాడితే ఎంత ఏడ్చే బిడ్డయినా నిద్రపోవలసిందే, వెంగమ్మ గొంతు అలాంటిది. రాణిగారి పసిబిడ్డ నిద్రపోవడం లేదని పల్లకీ పంపి తీసుకుపోయారు. అప్పటికి నాంచారికి పాలపళ్ళు ఇంకా ఊడలేదు. ఆ బిడ్డ ఎదిగేలోగా రాణిగారికి ఇంకో బిడ్డ, ఆ తరువాత ఇంకోటి. వెంగమ్మ తిరిగి రాలేదు.

సాయంకాలం గాలి కోటవైపు నుంచి వీచినప్పుడు ఆ గొంతు ఊళ్ళోకి వినబడేది. నాంచారి చేతిలో ఆకు ఆకులాగే, పుల్ల పుల్లలాగే ఆగిపోయేవి. పాట తను ఎరిగిందే. 'నాంచారి' అని ఉండవలసిన చోట మాత్రం ఇప్పుడు రాకుమారి పేరు ఉంది.

అది విన్నప్పుడల్లా ఆమెకు కోపం రాదు. ఆకలేస్తుంది. అన్నం తింటే పోని ఆకలి.

పెద్దయ్యాక నాంచారి బడికి వెళ్ళింది. "నల్లపావుల ధర్మం ఒక్కటే తల్లీ, కాపలా" అన్నాడు పంతులు. "ఆయన నీ బంటు మీదికి వస్తే బంటును కాయి. గుర్రం మీదికి వస్తే గుర్రాన్ని కాయి. తొందరపడకు, ఎదురుపడకు."

మొదటి ఏడు వెళ్ళింది. మహారాజు వెనక, స్తంభం పక్కన వెంగమ్మను నిలబెట్టారు. అది అక్కడి ఆచారం. నాంచారి తల్లిని చూసింది. జుట్టు నెరిసింది. చేతులు మాత్రం అవే. చూస్తూ బంటును కాసింది, చూస్తూ గుర్రాన్ని కాసింది. చూస్తూ చూస్తూనే ఓడిపోయింది.

రెండో ఏడు ఇంకా బాగా కాసింది. దీపాలు పెట్టే వేళ దాకా నిలబడింది. ఓడిపోయింది. శాలువా కప్పారు. స్తంభానికి ఆనుకుని నిలబడిన తల్లి కళ్ళు తుడుచుకోవడం ఆ శాలువా అంచులోంచే చూసింది.

ఇంటికి వస్తుంటే పక్కింటి సుంకయ్య ఎదురొచ్చాడు. ఆయన తమ్ముడు కూడా కోటలోనే ఉన్నాడు.

"భేష్ నాంచారీ! మొత్తానికి శాలువా కొట్టేశావు! మా ఇంట్లో పెట్టెడున్నాయి తెలుసా?"

"మరి మీ తమ్ముడో, మామా?"

సుంకయ్య తుండు సర్దుకుని తన గుమ్మం వైపు నడిచాడు. ఆయన్ను ఆ ప్రశ్న ఎవరైనా అడిగి చాలాకాలమైంది.

ఆ రోజునుంచి నాంచారి బడి మానేసింది. ఇంట్లో నేలమీద ముగ్గుతో గడులు గీసింది. తెల్లపావులకు గవ్వలు, నల్లపావులకు చింతగింజలు. ఏది గుర్రమో ఏది ఏనుగో తెలియడానికి వాటిమీద గుర్తులు పెట్టింది. నల్లవైపు కూర్చుని ఒక ఎత్తు వేసేది. లేచి అటువైపు వెళ్ళి మహారాజులా కూర్చుని ఇంకో ఎత్తు వేసేది.

అటువైపు ఎంత హాయిగా ఉందో! మహారాజు ఎత్తులు ఎప్పుడూ అవే. మధ్య బంటు ముందుకు. గుర్రం బయటికి. శకటం ఏటవాలుగా బారు చాపి కూర్చుంటుంది. ఆ తరువాత గుర్రం ముందుకు దూకి, శకటం అండతో నల్లరాజు పక్క బంటుకు గురిపెడుతుంది. పాపం, రాజు తప్ప ఆ బంటును కాచే దిక్కు లేదు. నల్లవాళ్ళు హడావుడిగా అడ్డం పడతారు. అప్పుడు తీరిగ్గా ఒక్కొక్కటే నంజుకు తినడమే. తెల్లవైపు కూర్చుంటే ఒక్కసారి కూడా భయం వేయలేదు నాంచారికి.

ఒక సాయంకాలం అలాగే ఆడుతూ ఉంది. తెల్లగుర్రం దూకింది. బంటును కాయవలసిన వేళ. సరిగ్గా అప్పుడు గాలి తిరిగింది, కోటలోంచి పాట వచ్చింది. నాంచారి మనసు గోడ దాటిపోయింది. చెయ్యి దానిష్టం వచ్చినట్టు కదిలి, బంటును కాయకుండా నల్లశకటాన్ని ఎక్కడో దూరంగా పెట్టేసింది.

పాట ఆగింది. లేచి అటువైపు వెళ్ళింది. "అయ్యో, బంటును వదిలేశానే!" అనుకుంటూ తెల్లగుర్రంతో ఆ బంటును కొట్టింది. కొట్టి తలెత్తింది.

తెల్లవైపు కూర్చుని మొదటిసారి భయపడింది.

నల్లశకటం ఏటవాలుగా తన వైపే చూస్తోంది. తెల్లరాజు పక్క బంటు వైపు. ఆ బంటును కాచేది కూడా రాజు ఒక్కడే! మన గడప ఎంత బలహీనమో ఆయన గడపా అంతే బలహీనం. ఇన్నేళ్ళుగా ఆ గడప కేసి చూసినవాళ్ళు లేరు, అంతే.

అప్పటినుంచి నాంచారి ఆ ఒక్క ఆటనే ఆడింది. విస్తళ్ళు కుట్టడం, ఆడటం. తేలికైన ఆట కాదది. ఒక్క ఎత్తు ఆలస్యమైతే తన సేనే మట్టి కరుస్తుంది. ఇల్లు తగలబడుతున్నా వెనక్కి తిరిగి చూడకూడని ఆట.

పండుగ ముందు పంతులుకు చూపించింది. ఆయన చెవులు మూసుకున్నాడు. "సొంత సేనను గాలికొదిలి ఎదుటివాడి ఇంటిమీద పడటమా? ఇది పద్ధతి కాదమ్మా!"

"ఎవరు పెట్టిన పద్ధతి పంతులుగారూ? మీకు జీతం ఎవరిస్తారు?"

"మహారాజుగారే. ఎందుకూ?" అన్నాడు ఆయన. అని గడ్డం గోక్కున్నాడు. పాపం, ఆ సంగతి ఆయనకూ అప్పుడే తట్టింది.

మూడో ఏడు వచ్చింది.

"మళ్ళీ వచ్చావా అమ్మాయీ? శాలువాలు కూడా నిండుకుంటున్నాయే!" అన్నాడు మహారాజు. కొలువంతా నవ్వింది.

"నాకిప్పుడు చలి లేదు ప్రభూ. ఆడండి" అంది నాంచారి.

తల్లిని తెచ్చి స్తంభం పక్కన నిలబెట్టారు. గాజుల చప్పుడు వినబడింది. నాంచారి తలెత్తలేదు. ఆ ఏడాదంతా నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే కష్టమైనది అదే. ఆ ముఖం చూస్తే చెయ్యి మళ్ళీ కాపలాకే పోతుంది.

బంటు కదిలింది. గుర్రం కదిలింది. శకటం కూర్చుంది. తెల్లగుర్రం దూకింది. నాంచారి బంటును కాయలేదు. శకటాన్ని దూరంగా జరిపింది.

"పిచ్చిపిల్ల!" అని మహారాజు బంటును కొట్టాడు. ఆయన గుర్రం ఇప్పుడు అటు మంత్రినీ ఇటు ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తోంది. "దేన్ని కాస్తావో కాయి!"

నాంచారి దేన్నీ కాయలేదు. ఆమె శకటం దూసుకుపోయి తెల్లరాజు పక్క బంటును కొట్టింది. "రాజు జాగ్రత్త ప్రభూ" అంది.

మహారాజు శకటాన్ని తినక తప్పలేదు. తినడానికి తెల్లరాజు ఇల్లు దాటి బయటికి వచ్చాడు. వెంటనే నల్లగుర్రం నడిమి బంటును తిని, మళ్ళీ రాజుమీదికి లేచింది. రాజు ఇంకొక గడి బయటికి వచ్చాడు. నల్లమంత్రి పలక అంచుకు నడిచి నిలబడింది.

మహారాజు నుదుటిమీద చెమట. కానీ ఎదురుగా నల్ల ఏనుగు ఊరికే దొరుకుతోంది! వదలబుద్ధి కాలేదు. తిన్నాడు.

అంతే. మంత్రి ముందుకు తరిమింది. రెండో గుర్రం పక్కనుంచి తరిమింది. తిరిగి పోదామంటే తన ఇంటి దారికి తన మనుషులే అడ్డం. మంత్రి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆట కట్టు" అంది నాంచారి. అప్పుడు తలెత్తింది.

మహారాజు చదరంగం పలక వైపే చూస్తున్నాడు. "ఎవరు నేర్పారు నీకిది?"

"మీ చోట కూర్చుని నేర్చుకున్నాను ప్రభూ. అక్కడినుంచి చూస్తే మీ భయం బాగా కనబడుతుంది."

మాట ఇచ్చాడు కనుక తలుపు తీయించాడు. వెంగమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. గడప దాటబోతుండగా వెనకనుంచి కెవ్వుమని ఏడుపు వినిపించింది. చిన్న రాకుమారి జారిపోతున్న పరికిణీ పట్టుకుని పరిగెత్తుకొస్తోంది. "అమ్మలూ, వెళ్ళకూ!"

వెంగమ్మ కాళ్ళు ఆగిపోయాయి. నాంచారి కూడా ఆగింది. ఆ ఏడుపు ఏమిటో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? తల్లి చెయ్యి వదిలింది. వెళ్ళి పాప ముందు మోకాళ్ళమీద కూర్చుంది.

"నీకు ఆవిడ కావాలా బంగారూ? అయితే ఏడుస్తూ కూర్చోకు. మీ నాన్న దగ్గరికి పో. ఈ తలుపు మళ్ళీ మూయొద్దని చెప్పు. మా ఇల్లు ఆ కనబడేదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు రా."

పాప ముక్కు తుడుచుకుంది. వెనుదిరిగి తండ్రి వైపు నడిచింది. మహారాజుకు ఆ వేళ అది రెండో ఆట. అందులోనూ ఆయనే ఓడాడు. తెరిచిన తలుపు తెరిచే ఉంది. సుంకయ్య తమ్ముడు మర్నాడే ఇంటికొచ్చి, పెట్టెడు శాలువాలు చూసి "ఇవన్నీ ఏమిటన్నా?" అని అడిగాడట.

కాబట్టి పిల్లలూ, మనవాళ్ళ కోసం బెంగపడటం తప్పు కాదు. ఆ బెంగను కాపలా కాస్తూ కూర్చోకుండా, లేచి మూసిన తలుపు మీదికే నడిపించినవారికే తమవాళ్ళు దక్కుతారు.