కిలియన్ ఓడిపోయిన పండుగ

ఐర్లండు పడమటి తీరంలో, సముద్రపు గాలికి చెట్లన్నీ ఒక పక్కకే ఒరిగి పెరిగే ఒక పల్లెలో, ఫింటన్ మాస్టారు ఫిడేలు నేర్పుతుండేవాడు. ఆయనకో అలవాటు ఉండేది. దేశానికి సెలవు వచ్చిన రోజున శిష్యులను ఫిడేలు ముట్టనిచ్చేవాడు కాదు. "ఇవాళ వేరే పని ఉంది" అని ఏదో ఒకటి పురమాయించేవాడు.

ఆ ఏడాది ఆయన దగ్గర ఉన్న శిష్యురాలు నూలా. అదే ఊరి పిల్ల. డబ్లిన్‌లో పోటీల మీద పోటీలు గెలిచి, తన ఊరి పాత బాణీలు తనకే రావని తెలుసుకుని, ముప్పయ్యో ఏట వెనక్కి వచ్చింది. ఒక్క రోజు పాఠం పోయినా ప్రాణం పోయినట్టుండేది ఆమెకు. అయినా మాస్టారి మాట కాదనలేక అన్నీ చేసింది. ఫిబ్రవరిలో బ్రిజిడ్ పండుగకి మోకాలి లోతు బురదలో దిగి తుంగ పీకింది. కత్తి పెట్టకూడదు, చేత్తోనే పీకాలట. దానితో శిలువలు అల్లి గుమ్మాలకు కట్టింది. మార్చిలో పాట్రిక్ పండుగ ఊరేగింపుకి అందరి కోట్లకూ మూడాకుల రెమ్మ గుచ్చింది. మే నెల మొదట గడపల మీద పసుప్పచ్చని పూలు చల్లింది. ఆగస్టు సెలవుకి కొండెక్కి నల్లటి చిట్టిపళ్లు కోసింది. అక్టోబరు చివర ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరం దాచి కాల్చింది. ఆ ఉంగరం ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు ఏడాది తిరక్కుండా పెళ్లవుతుందని నమ్మకం. అది కాస్తా డెబ్బయ్యేళ్ల పాత పోస్టుమాన్ మాలకీ పంటికింద పడింది. ఊరంతా పగలబడి నవ్వింది. నూలా నవ్వలేదు.

ఆమెకు ఈ పండుగలంటే కష్టంగా ఉండడానికి వేరే కారణం ఉంది. ఏ పండుగైనా ఇంటింటికీ తిరగాల్సిందే. కొండ మలుపులో ఉన్న తెల్ల ఇంటికి మాత్రం ఆమె వెళ్లదు. అది ఆమె పుట్టిల్లు. ఇప్పుడక్కడ అన్న కిలియన్ ఉంటున్నాడు. నాలుగేళ్ల కిందట తల్లి పోయిన సాయంత్రం నూలా డబ్లిన్‌లో వేదిక మీద ఉంది. కిలియన్ ఆరుసార్లు ఫోను చేశాడు. ఆమె ఫోను కోటు జేబులో, ఆ కోటు ఎక్కడో కొక్కేనికి ఉండిపోయాయి. తల్లిని మట్టి చేసి వచ్చాక అతను గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నీకు చప్పట్లే కదా కావలసింది, వెళ్లి అవే తిను. ఈ గడప తొక్కకు" అన్నాడు. "తొక్కను" అంది ఆమె. ఒకే తల్లి బిడ్డలు కదా, ఇద్దరూ మాట మీద నిలబడ్డారు.

క్రిస్మస్ నాడు మధ్యాహ్నం మాస్టారు, నూలా ఎదురెదురుగా కూర్చుని మర్నాటి కోసం గడ్డి ముసుగులు అల్లుతున్నారు. ఉన్నట్టుండి ఆమె చేతిలో గడ్డి కింద పెట్టేసింది.

"మాస్టారూ, ఏడాదంతా చెప్పినవన్నీ చేశాను. ఈ రివాజులన్నీ ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? వీటివల్ల ఎవరి బతుకైనా ఒక్క అంగుళం కదిలిందా?"

మాస్టారు ముడి బిగించి, పళ్లతో గడ్డిపోచ తెంపాడు. "రేపు పొద్దున్నే తొమ్మిదింటికి రా. ఫిడేలు తెచ్చుకో" అన్నాడు.

మర్నాడు స్టీఫెన్ పండుగ. రెన్ అనే బొటనవేలంత పిట్ట పేరు చెప్పుకుని ఊరు ఊరంతా వీధుల్లో పడే రోజు. వెనకటికి నిజం పిట్టనే పట్టేవారట. ఇప్పుడు చెక్కపిట్టను ముళ్లాకుల కొమ్మకు కట్టి ముందు నడిపిస్తారు. వెనకాల ముప్పయి మంది తల నుంచి నడుము దాకా గడ్డి కప్పుకుని, కదిలే గడ్డివాముల్లా బయల్దేరతారు. మగెవరో ఆడెవరో తెలీదు. ఏ ఇంటి ముందు ఆగినా తలుపు తీయాలి. ఆటా పాటా అయ్యాక ఇంటి యజమాని ఒక్కొక్క ముసుగుకూ పేరు చెప్పాలి. చెబితే ముసుగు తీస్తారు, చెప్పలేకపోతే యజమాని ఓడినట్టు.

ముసుగు తలమీద పడగానే నూలాకు గడ్డివాసన, చీకటి, తన ఊపిరి తనకే చప్పుడు. గడ్డం కింద ఫిడేలుకు కాస్త సందు ఉంచాడు మాస్టారు. డప్పులు మొదలయ్యాయి. పిల్లనగ్రోవులు అందుకున్నాయి. చలికి బిగుసుకున్న వీధి ఒక్కసారి కాళ్ల కింద దడదడలాడింది. చర్చి వీధి, పడవల రేవు, రొట్టెల కొట్టు, ఒక గుమ్మం తరవాత ఇంకో గుమ్మం! నూలా తనెవరో మరిచిపోయింది. గొంతెత్తి కేక కూడా వేసింది. గడ్డిలోంచి చూస్తే దారి చారలు చారలుగా కనిపించేది, అందుకే ఏ మలుపు తిరిగారో ఆమెకు తెలియలేదు. తెలిసేసరికి తెల్ల ఇంటి గడప దాటి లోపల ఉంది.

కాళ్లు వెనక్కి లాగాయి. వెనక ముప్పయి మంది.

"వాయించు" అంది పక్కనున్న ముసుగు, మాస్టారి గొంతుతో.

ఏం వాయించాలో ఆమె ఆలోచించలేదు. చేతికి వచ్చింది వాయించింది. అది తల్లి రొట్టెపిండి పిసుకుతూ కూనిరాగం తీసే గంతుపాట. పోటీల్లో ఎన్నడూ వాయించలేదు. రెండో చరణానికి కిలియన్ కాలు నేల తట్టడం మొదలెట్టింది. మూడోసారికి అతను నట్టింట్లో ఎగురుతున్నాడు. అతని మూడేళ్ల కూతురు, నూలా ఎన్నడూ చూడని పిల్ల, వచ్చి ఆమె గడ్డి పట్టుకుని గిరగిరా తిరిగింది. గోడమీద పింగాణీ పళ్లేలు గలగలలాడాయి.

ఆట ఆగింది. కిలియన్ రొప్పుతూ ఒక్కొక్కరికీ పేరు చెప్పాడు. రొట్టెల కొట్టు ఆసామి, ఇద్దరు జాలరులు, మాలకీ, మాస్టారు. ముసుగులు లేచిన కొద్దీ కేకలు, చప్పట్లు. నూలా ముందుకొచ్చి ఆగాడు.

ఆమె చేతిలో కమాను. ఆ చేతి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు పడవ తాడు లాగుతూ ఆ వేలు నలిపిందీ, ఏడుస్తుంటే వైద్యుడి దాకా మోసుకెళ్లిందీ కిలియనే. అతను ఆ వేలి వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదెవరో నాకు తెలియడం లేదు" అన్నాడు. గొంతు సవరించుకుని ఇంకాస్త గట్టిగా, "ఓడిపోయాను" అన్నాడు.

ఊళ్లో ఎవరూ అంతకుముందు కిలియన్ నోట ఆ మాట వినలేదు. ఇల్లంతా ఘొల్లున నవ్వింది. అతను పొయ్యి పక్కన ఉన్న తల్లి కుర్చీ తెచ్చి వేశాడు. "కూర్చోండి" అని, టీ కలిపి, అడక్కుండానే మూడు చెంచాల పంచదార వేసి ఇచ్చాడు. ముసుగు లోపల నూలా ముఖమంతా తడిసిపోయింది. కప్పు పక్కన పెట్టి ముసుగు ఎత్తబోయింది.

"వద్దు" అన్నాడు కిలియన్ గబుక్కున. "యజమాని పేరు చెప్పలేకపోతే ముసుగు తీయకూడదు. ఆ మనిషే మర్నాడు మామూలు బట్టల్లో భోజనానికి రావాలి. అదీ రివాజు. కదండీ?"

మాలకీ నోరు తెరిచాడు. మాస్టారు అతని కాలు తొక్కాడు.

"అవును, అదే రివాజు" అన్నాడు మాస్టారు. అందరూ తలలూపారు.

తిరుగుదారిలో నూలా నడవలేదు, దిగుడులో పరుగెత్తింది. గడ్డి పోచలు గాలికి వెనక్కి ఎగురుతున్నాయి. ఒకచోట ఆగి, ఆయాసపడుతూ వస్తున్న మాస్టారి కోసం నిలబడింది.

"మాస్టారూ, అటువంటి రివాజు నిజంగా ఉందా?"

మాస్టారు టోపీ సర్దుకున్నాడు.

"పొద్దుటిదాకా లేదు."